ఏడాదికి డెబ్బై రెండు పీరియడ్లు

ఒక చిన్న ఉన్నత పాఠశాలలో ఆటపాటలకు ఏడాది ఎలా గడిచిందని అడిగితే ముందు ఫొటోలు బయటికి వస్తాయి. ఆగస్టు 15న జెండా కింద పాడుతున్న పిల్లలు, బాలల దినోత్సవం నాటి పరుగు పందేలు, సున్నం గీతల మధ్య కబడ్డీ కూత, చివర్న వార్షికోత్సవం షామియానా, సౌండు బాక్సుల్లోంచి సినిమా పాట, దానికి అద్దె దుస్తుల్లో అడుగులు వేస్తున్న పదిమంది. యానాం బడుల దగ్గర ఈ ఆల్బం మరికాస్త లావు. దేశమంతటికీ ఆగస్టు 15 ఉంటే, ఫ్రెంచివారి ఏలుబడిలోంచి వచ్చిన పుదుచ్చేరి ప్రాంతాలకు ఆగస్టు 16 విలీన దినం, నవంబరు 1 విమోచన దినం అదనంగా ఉన్నాయి. జనవరిలో ప్రజా ఉత్సవాల సందడి ఎలాగూ ఉంది. కవాతుకూ, స్వాగత గీతానికీ, బహుమతి అందుకోవడానికీ సందర్భాలకు కొదవ లేదు. అయితే ఏ బడి ఆల్బం తిరగేసినా ఎక్కువగా అవే ముఖాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. మిగతా పిల్లలు చప్పట్లు కొట్టే వరుసల్లో ఉంటారు. వాళ్ళకు ఆ ఏడాది పాట ఎంత అందింది, ఆట ఎంత అందింది అన్నది తేలాలంటే ఆల్బం మూసేసి, స్టాఫ్‌రూము గోడకు అంటించిన టైంటేబుల్ చూడాలి.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి సొంత పరీక్షల బోర్డు లేదు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు బోర్డునూ, మాహే కేరళనూ, యానాం ఆంధ్రప్రదేశ్‌నూ అనుసరిస్తూ వచ్చాయి. ఒకే ఇంటికి మూడు పొరుగిళ్ళ వంటన్నమాట. 2023-24లో అక్కడి ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 9 వరకూ, 11వ తరగతిలోనూ సీబీఎస్ఈ పాఠ్యక్రమం వచ్చింది. మరుసటి ఏడాది 10, 12 కూడా అందులో కలిశాయి. ఈ మార్పు మీద నడిచిన చర్చ ఎక్కువగా పుస్తకాలు కష్టమా, టీచర్లకు శిక్షణ ఇచ్చారా, తెలుగు ఏమైపోతుంది అన్న ప్రశ్నల చుట్టూ తిరిగింది. న్యాయమైన ప్రశ్నలే. కానీ ఆ బోర్డు వెంట మరో రెండు నియమాలు చడీచప్పుడు లేకుండా వచ్చాయి. తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు ఆరోగ్య, వ్యాయామ విద్య కోసం రోజుకో పీరియడు ఉండాలని సీబీఎస్ఈ 2018లో చెప్పింది. ఒకటి నుంచి పన్నెండు వరకు ప్రతి తరగతికీ వారానికి కనీసం రెండు పీరియడ్లు కళా విద్యకు ఇవ్వాలని 2019లో చెప్పింది. సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, నాటకం అందులోవే. వీటికి ప్రోగ్రెస్ కార్డులో గ్రేడు కూడా పడుతుంది. గ్రేడు పడినంత మాత్రాన పీరియడు నడిచినట్టు కాదు. డ్రిల్లు పీరియడులో లెక్కల మాస్టారు సుద్దముక్కతో లోపలికి రావడం తెలుగునాట ఏ బడిలోనూ వింత కాదు. ఆ మాస్టారిని తప్పుపట్టలేం, సిలబస్ ఆయన మెడ మీద కత్తి. కానీ లెక్కల పీరియడులో డ్రిల్లు మాస్టారు వచ్చి పిల్లల్ని బయటికి తీసుకుపోవడం ఎవరైనా చూశారా?

ఓ చిన్న లెక్క వేసి చూద్దాం. ఆరు నుంచి పది వరకు తరగతికొక సెక్షను, సెక్షనుకు ముప్పైమంది, మొత్తం నూట యాభై మంది ఉన్న బడి అనుకుందాం. పీరియడు నలభై నిమిషాలు. పరీక్షలూ సెలవులూ తీసేస్తే చదువు సాగే వారాలు ముప్పై ఆరు. వారానికి రెండు చొప్పున కళల పీరియడ్లు నిజంగా నడిస్తే ఒక్కో పిల్లకూ, పిల్లాడికీ ఏడాదిలో డెబ్బై రెండు పీరియడ్లు, అంటే నలభై ఎనిమిది గంటలు అందుతాయి. ఇప్పుడు వార్షికోత్సవం చూడండి. రెండు వారాలపాటు, పది పనిదినాలు, రోజుకు రెండేసి గంటలు రిహార్సల్ నడిచిందనుకుందాం. వేదిక ఎక్కేది ముప్పైమంది అనుకుంటే వాళ్ళకు ఇరవై గంటలు, మిగిలిన నూట ఇరవైమందికి సున్న. బడి మొత్తానికి సగటు తీస్తే తలకు నాలుగు గంటలు. నలభై ఎనిమిదికీ నాలుగుకూ ఉన్న తేడాను ఏ షామియానా కప్పిపుచ్చగలదు? పైగా ఆ ఇరవై గంటల్లో నేర్చుకున్నది ఒక్క పాటకు ఒక్క వరుస అడుగులు. పాట మారితే అదీ పనికిరాదు. ఉత్సవాలు వద్దనడం లేదు. బడికి వేదిక కావాలి, అమ్మానాన్నలు ముందు వరుసలో కూర్చుని చూడాలి. కానీ పంట పండించకుండా సంక్రాంతి చేసుకోవడమెలా?

చిన్న బడిలో ఇవన్నీ ఎలా కుదురుతాయి, పెద్ద కార్పొరేట్ బడికి సాధ్యం గానీ అనే మాట వెంటనే వస్తుంది. నిజం దీనికి తలకిందులు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో చిన్నా పెద్దా ఉన్నత పాఠశాలలను ఏళ్ళ తరబడి పరిశీలించి రోజర్ బార్కర్, పాల్ గంప్ 1964లో ఒక పుస్తకం వెలువరించారు. వాళ్ళు చూసిన బడుల్లో అతి పెద్దదానిలో విద్యార్థులు అతి చిన్నదానికంటే 65 రెట్లు. కానీ ఆటలు, పాటలు, నాటకాలు, సంఘాలు ఇలా పిల్లలు పాల్గొనే సందర్భాలు ఎనిమిది రెట్లే. అంటే పెద్ద బడిలో ప్రతి సందర్భం చుట్టూ చూసేవాళ్ళ గుంపు పెరిగింది, చేసేవాళ్ళ సంఖ్య అంతగా పెరగలేదు. చిన్న బడిలో పిల్లలు ఎక్కువ రకాల పనుల్లో, అదీ బాధ్యత ఉన్న పాత్రల్లో దిగారు. వాళ్ళు రాకపోతే పని ఆగిపోతుంది కాబట్టి దిగక తప్పలేదు. మన ఖోఖోనే తీసుకోండి. వరుసగా ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు మొహం పెట్టి గొంతుకూర్చుని ఉంటారు, తొమ్మిదోవాడు తరుముతాడు. వీపు తట్టి ‘ఖో’ అన్న మరుక్షణం కూర్చున్నవాడు లేచి పరుగందుకోవాలి, మధ్య గీత దాటకూడదు, వెనక్కి తిరగకూడదు. తొమ్మిది మందిలో ఎనిమిది మంది పని ఎదురుచూడటం, ఆ ఎదురుచూపు ఒక్క లిప్త పట్టు తప్పితే జట్టుకు అవకాశం పోతుంది. రెండు జట్లకు పద్దెనిమిది మంది కావాలి. ముప్పైమంది ఉన్న తరగతిలో ఆడలేని పిల్లను పక్కన కూర్చోబెట్టే వెసులుబాటు పెద్దగా ఉండదు. ఆమెకు నేర్పి నిలబెట్టుకోవాలి. ఆరువందల మంది ఉన్న బడిలో పన్నెండుమందిని ఏరుకుని మిగతా అందర్నీ ప్రేక్షకుల్ని చేయడం సులువు. చిన్న బడికి ఆ సులువు లేకపోవడమే దాని అదృష్టం.

మరి అడ్డం పడుతున్నది ఏమిటి? తలలు లెక్కపెట్టి మనుషుల్ని ఇచ్చే పద్ధతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో కళా విద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలి. అయితే ఆ తరగతుల్లో పిల్లలు నూరుకు పైబడితేనే. మన లెక్కలోని బడికి ఆ మూడు తరగతుల్లో తొంభైమందే ఉన్నారు. పదకొండు మంది తక్కువైన పాపానికి ఆ తొంభైమందికీ పాట చెప్పేవాళ్ళు ఉండాలన్న హామీ లేదు. తొమ్మిది, పది తరగతులవాళ్ళు ఆ చట్టం పరిధిలోకే రారు. డబ్బు సంగతి వేరు. సమగ్ర శిక్ష కింద ఉన్నత పాఠశాలకు క్రీడా సామగ్రి కోసం ఏటా 25,000 రూపాయల వరకు గ్రాంటు ఉంది. దానితో వాలీబాల్, నెట్టు, టెన్నికాయిట్ రింగులు, తాడు, షటిల్ బ్యాట్లు వస్తాయి. ఆడించే మనిషి రాడు. బడుల వివరాలు సేకరించే యూడైస్ ప్లస్ పత్రంలో ఆటస్థలం ఉందా లేదా అని అడుగుతారు. అందులో పిల్లలు ఏడాదికి ఎన్ని గంటలు ఆడారో ఆ జవాబు చెప్పదు. యానాంలో డాక్టర్ వైఎస్సార్ పేరిట ఇండోర్ స్టేడియం ఉంది. కట్టడాల విషయంలో ఈ ఊరిని పేదదని ఎవరూ అనలేరు. స్టేడియానికి శిలాఫలకం ఉంటుంది, పీరియడుకు ఉండదు కదా.

ఇంకో మెట్టు దిగి చూస్తే చిక్కుముడి ఎక్కడుందో కనబడుతుంది. తొమ్మిది, పది తరగతులకే కాక ఐదు సెక్షన్లకూ రోజుకొకటి చొప్పున ఇస్తే వారానికి ఇరవై ఐదు వ్యాయామ పీరియడ్లు. ఒక పీఈటీకి అది నిండు పని, ఆ పోస్టు అడగడానికి బడికి గట్టి కారణం ఉంది. సంగీతానికీ చిత్రలేఖనానికీ కలిపి వారానికి పదే పీరియడ్లు. పది పీరియడ్ల కోసం పూర్తికాలం సంగీతం టీచరును ఏ ప్రభుత్వమూ ఇవ్వదు, ఇవ్వకపోవడంలో తప్పూ లేదు. అలాగని సంగీతమే మానేయమనడం మటుకు తప్పు. మూడు బడులు కలిస్తే ముప్పై పీరియడ్లవుతాయి. అది ఒక మనిషికి సరిపడా కొలువు. దీన్ని ఇవాళ కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. పక్కపక్క బడులను కలిపి పాఠశాల సముదాయంగా నడపాలని కొఠారీ కమిషన్ 1966 నివేదికలోనే చెప్పింది. చిన్న బడులు సంగీతం, కళలు, ఆటల టీచర్లను సముదాయంలో పంచుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం అదే మాటను మళ్ళీ అంది. మధ్యలో యాభై నాలుగేళ్ళు గడిచాయి. మన్యంలో ఈ మాట చెబితే నవ్వు రావచ్చు, ఒక బడికీ ఇంకో బడికీ నడుమ కొండా వాగూ ఉంటాయి. యానాం మొత్తం 30 చదరపు కిలోమీటర్లకు మించదు. మెట్టకూరు, కనకాలపేట, ఫరంపేట, గిరియాంపేట ఒకదానికొకటి సైకిలు దూరం. కాస్త ఎడంగా ఉన్నవి గోదావరి దిగువన దరియాలతిప్ప, సావిత్రినగర్. వాటికీ రోడ్డుంది. దేశంలో పాఠశాల సముదాయం ఎక్కడైనా కుదరాలంటే మొదట కుదరాల్సింది ఇలాంటి చోటే.

టీచరు దొరికాడనే అనుకుందాం. ఏడాదిని ఎలా పంచాలి? ఇక్కడ సర్క్యులర్ల కంటే గోదావరి మాట వినడం మంచిది. యానాం నేల నది తెచ్చి పోసిన ఒండ్రు. తొలకరి పడితే మైదానం కాలికి అతుక్కునే బంక. జూలై, ఆగస్టు నెలల్లో ధవళేశ్వరం దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారన్నదే ఊరి ముచ్చట. 2022 జూలైలో అది 25 లక్షలు దాటినప్పుడు యానాం వీధుల్లో నీళ్ళు నిలిచాయి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 1996 నవంబరు 6ను ఈ తీరం మరిచిపోదు. మైదానం ఆరి, గట్టిపడి, వేసిన సున్నం గీత మర్నాటికి నిలిచేది నవంబరు చివరి నుంచే. ఫిబ్రవరి వచ్చిందంటే పరీక్షల వేడి. అంటే ఆరుబయట ఆటకు మహా అయితే మూడు నెలలు. రోజుకో వ్యాయామ పీరియడును ఏడాది పొడుగునా సమానంగా పరిచే టైంటేబుల్ కాగితం మీద బాగుంటుంది గానీ వానాకాలంలో అది ‘లోపలే కూర్చోండి’గా మారిపోతుంది. లోపల కూర్చోబెట్టిన పీరియడును ఎవరో ఒకరు పాఠానికి లాక్కుంటారు. డ్రిల్లు పీరియడు ఎక్కువగా చచ్చేది వానలోనే. అందుకని జూన్ నుంచి అక్టోబరు దాకా పాటను ముందుకు తేవాలి, నవంబరు చివరి నుంచి ఆటను. వానలో వ్యాయామం ఆగాలనేమీ లేదు. ఆసనాలు, దండ బైఠక్‌లు, చదరంగం, కోలాటం వరండాలో పట్టే పనులే. కోలాటం ఆటా పాటా రెండూ కాబట్టి దాన్ని ఎవరి పీరియడులో వేయాలన్న తగువు ఇద్దరు టీచర్లూ సంతోషంగా పడొచ్చు.

వరండాలో పాట అంటే ఏమిటో దగ్గరగా చూస్తే దాని విలువ తెలుస్తుంది. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మొదలుపెడతారు. చేయి ఆది తాళం వేస్తుంది: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, మళ్ళీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొదటి కాలంలో లెక్కకొక స్వరం. రెండో కాలంలో లెక్కకు రెండు, మూడో కాలంలో నాలుగు. చేతి వేగం మారకూడదు, గొంతు వేగం రెట్టింపు కావాలి. మొదటి వారం ముప్పైమందిలో చాలామందికి గొంతుతో పాటు చెయ్యీ పరుగెత్తుతుంది. నాలుగో వారానికి చెయ్యి నిలబడుతుంది. ఈలోగా వాళ్ళు నేర్చుకున్నది పక్కవాడి గొంతు వింటూ తన గొంతును దానికి కలపడం, ముందుకు తోసుకుపోకుండా ఉండటం. వార్షికోత్సవం పాటకు పెదవులు కదిపితే ఇది రాదు. సౌండు బాక్సు పిల్లల కోసం ఆగదు, వాళ్ళను వినదు కూడా.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. సరళీ స్వరాలు ఎవరి సంగీతం? మత్స్యకారుల పల్లెల నుంచీ, కూలి చేసుకునే పేటల నుంచీ వచ్చే పిల్లలకు కచేరీ సంగీతాన్ని ‘సంగీతం’ అనీ, వాళ్ళ ఇళ్ళ ముందు మోగే డప్పునూ సన్నాయి మేళాన్నీ ‘జానపదం’ అనీ నేర్పితే, పాట పేరుతో పాత దొంతరలనే మళ్ళీ పేర్చినట్టు కాదా? ఈ అనుమానం సబబైనదే. జవాబు సరళీ స్వరాలను తీసేయడంలో లేదు, టీచర్ల జాబితాను పెంచడంలో ఉంది. ఈ చుట్టుపట్ల జాతర్లలో గరగలు నెత్తిన పెట్టుకుని ఆడేవాళ్ళున్నారు, వీరనాట్యం కుటుంబాలున్నాయి, డప్పు కొట్టేవాళ్ళున్నారు, చర్చిలో నాలుగు గొంతులు కలిపి పాడించే క్వయర్ మాస్టర్లున్నారు. డప్పు మీద గతి మార్చడం మూడో కాలం పాడినంత కష్టమైన లెక్క. సిర్ర, చిటికెన పుల్ల పట్టిన రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు చేస్తాయి. చట్టంలోని పార్ట్‌టైం బోధకుడి పదవికి పీరియడు చొప్పున డబ్బిచ్చి వీళ్ళను బడికి పిలవొచ్చు. ఇందులో వచ్చే ఇబ్బంది అర్హత పత్రం. పత్రం అడిగితే డప్పు కళాకారుడు గేటు దగ్గరే ఆగిపోతాడు. అడగకపోతే ఎవరి బంధువో సంగీతం టీచరై కూర్చుంటాడు. పిల్లల ముందు పాడించి, వాయించి చూసి, పక్క జిల్లాల కళాకారులతో ఎంపిక చేయించడం ఒక దారి. గౌతమి గట్టునే ఉన్న కపిలేశ్వరపురంలో సర్వరాయ హరికథా పాఠశాల 1970ల నుంచీ ఆడపిల్లలను చేరదీసి, ఉంచుకుని, రోజూ సాధన చేయించి కథకురాళ్ళను తయారుచేస్తోంది. విజయనగరంలో 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా మొదలైన సంగీత కళాశాల ఇప్పటికీ ఉంది. చెప్పగలవాళ్ళు లేరన్న సాకు ఈ ప్రాంతంలో చెల్లదు.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది మార్కుల అభ్యంతరం. కొత్త బోర్డు, కొత్త పుస్తకాలు, పదో తరగతి నెత్తిమీద ఉండగా వారానికి ఏడు పీరియడ్లు ఆటపాటలకు పోతే ఫలితాలు ఏమవుతాయి? ఈ ప్రశ్నకు ఒక జవాబు యానాం పాత ఏలికల ఊళ్ళోనే దొరుకుతుంది. యానాం మీద ఇంకా ఫ్రెంచి జెండా ఎగురుతున్న 1950లో, పారిస్ శివారు వాన్వ్‌లో మాక్స్ ఫూరెస్తియే అనే వైద్యుడు ఒక ప్రాథమిక పాఠశాలలో పాఠాల సమయం తగ్గించి, మధ్యాహ్నాలను వ్యాయామానికీ ఆటలకూ కేటాయించి చూశాడు. పిల్లల చదువు దెబ్బతినలేదు, ఆరోగ్యం మెరుగైంది. ఒక ఊరు, ఒక బడి. అంతమాత్రాన అది రుజువు కాదు. కానీ అక్కడ మొదలైన చర్చ 1969లో ఫ్రాన్స్ ప్రాథమిక బడుల్లో వారానికి ఆరు గంటల వ్యాయామ విద్యగా నిలబడింది. అంతకంటే గట్టి ఆధారం కెనడాలోని త్రువా-రివియేర్ అధ్యయనం. 1970 నుంచి 1977 వరకు 546 మంది ప్రాథమిక విద్యార్థులను పరిశీలించారు. కొందరికి రోజూ ఒక గంట వ్యాయామం అదనంగా ఇచ్చారు. పాఠాల సమయం ఏడో వంతు దాకా తగ్గినా వాళ్ళ మార్కులు తగ్గలేదు, మొదటి ఏడాది తరువాత కొంత మెరుగయ్యాయి కూడా. ఆ పిల్లలు చిన్నవాళ్ళు, మనం మాట్లాడుతున్నది ఉన్నత పాఠశాల గురించి. ఆ తేడా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక మిగిలే సంగతి ఏమిటంటే, డ్రిల్లు పీరియడు లాక్కుంటే మార్కులు పెరుగుతాయని చూపించాల్సిన బాధ్యత లాక్కునేవాళ్ళ మీదే ఉంది.

సంగీతం విషయంలో ఇదే వాదన నడపడం నాకు ఇష్టం లేదు. పాట నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయని చెప్పే ప్రకటనలు పత్రికల్లో తరచూ కనిపిస్తాయి. గత పదేళ్ళలో వచ్చిన సమీక్షల్లో, పద్ధతిగా చేసిన పరిశోధనలను మాత్రమే ఏరి చూసినప్పుడు ఆ ప్రభావం దాదాపు మాయమైపోయింది. మాయమైతే మాత్రమేం? లెక్కలు నేర్పేది పాట బాగా పాడతారని కాదు కదా. పాట నేర్పడానికి లెక్కల పూచీకత్తు తేవడం మొదలుపెడితే, మార్కులు పెరగలేదని తేలిన రోజున పాట పీరియడు కూడా పోతుంది. తెలుగు పిల్లలకు తెలుగు పాట శ్రుతిలో పాడటం వచ్చి ఉండాలి, అంతే. చుట్టూ ఏ ఇంట్లో పెళ్ళి జరిగినా, ఏ గుడిలో, చర్చిలో, దర్గాలో పండుగ జరిగినా పాడేవాళ్ళు కావాలి. హంగరీలోని కెచ్‌కెమేత్ పట్టణంలో స్వరకర్త కోడాయ్ ఆలోచనల ఆధారంగా రోజూ పాడించే ప్రాథమిక పాఠశాల కూడా అదే 1950లో తెరుచుకుంది. పియానోలు కొనలేని దేశానికి గొంతు ఉచితమన్నదే అక్కడి లెక్క. గొంతు మన దగ్గరా ఉచితమే.

ప్రతిభ ఉన్నవాడు ఎలాగైనా పైకి వస్తాడు, అందరికీ నేర్పడం దండగ అనేవాళ్ళు బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ పేరు చెబుతారు. చెప్పాల్సిన పేరే. ఎదుర్లంక వంతెన దాటి గంట ప్రయాణం చేస్తే వచ్చే అమలాపురం కుర్రాడు చిరాగ్ శెట్టితో కలిసి 2022లో థామస్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 2023 అక్టోబరులో ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్‌లో దేశానికి మొదటి బంగారు పతకం తెచ్చాడు. ఆ నెలలోనే ఆ జోడీ ప్రపంచ నంబర్ వన్ అయింది. కానీ ఆ కథను ఇంకో పక్కనుంచి కూడా చదవాలి. ఆయన తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. సంగీతంలోనూ అదే కథ: బాలమురళీకృష్ణ పుట్టింది ఇదే కోనసీమ శంకరగుప్తంలో. తండ్రి పట్టాభిరామయ్య వేణువు వాయించేవారు, తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు. సాత్విక్‌కూ బాలమురళీకృష్ణకూ తొలి గురువు ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో పీఈటీ గానీ వేణువు గానీ లేని పిల్లల్లో ఎందరు సాత్విక్‌లు ఎవరి కంటా పడకుండా పోయారో లెక్క ఎవరి దగ్గరుంది? బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఉండేది ఇంట్లో లేనివాళ్ళ కోసమే.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. 146 దేశాల సమాచారంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 11 నుంచి 17 ఏళ్ళవాళ్ళలో 81 శాతానికి రోజుకో గంట వ్యాయామం అందడం లేదు; అమ్మాయిల్లో 85, అబ్బాయిల్లో 78 శాతం. మన ఊళ్ళలో ఎనిమిదో తరగతి దాటాక ఆడపిల్ల మైదానంలోంచి మాయమవడం అందరూ ఎరిగిందే. సాయంత్రం ఆట అంటే ఇంటికి చీకటి పడుతుంది, ఆదివారం కోచింగ్ అంటే తోడు కావాలి. బడి గంటల లోపల, టైంటేబుల్లో ఉన్న పీరియడుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒకప్పుడు యానాం పేరు వేరే కారణానికి మోగింది. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక, ఆ చట్టం చెల్లని ఫ్రెంచి గడ్డ కదా అని చుట్టుపట్ల జిల్లాలవాళ్ళు చిన్నపిల్లలకు పెళ్ళిళ్ళు చేయడానికి ఇక్కడికి వచ్చేవారు. కల్యాణపురం అన్న పేరు అలా స్థిరపడింది. పన్నెండేళ్ళ పిల్ల పీటల మీద కూర్చున్న ఊళ్ళో ఇవాళ పన్నెండేళ్ళ పిల్ల ఖోఖో వరుసలో కూర్చోవడం చిన్న విషయమేమీ కాదు.

పోటీల దారి మాత్రం ఇంకా వంకరగానే ఉంది. యానాం పిల్ల రాష్ట్రస్థాయి అనుకునే జట్టులోకి రావాలంటే ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి వైపు చూడాలి. ఆ ప్రభుత్వపు లలిత కళల సంస్థ భారతియార్ పల్కలైక్కూడం ఉన్నదీ ఆ దాపునే. ముప్పై కిలోమీటర్లలో కాకినాడ ఉంది. పక్క మండలాల ఆంధ్ర బడులతో స్నేహపూర్వక పోటీలు పెట్టుకోవడానికి రెండు ప్రభుత్వాల ఉత్తర్వులు అక్కర్లేదు, ఇద్దరు ప్రధానోపాధ్యాయుల ఫోన్లు చాలు. ఏడాదికి నాలుగు అలాంటి పోటీలు జరిగితే జట్టులోకి ఎవరొస్తారన్న ఆతురుతతో మిగతావాళ్ళు కూడా పీరియడుకు వస్తారు.

తేలాల్సిన చిక్కు ఇంకొకటి ఉంది, అది చిన్నదిగా కనిపించే పెద్ద చిక్కు. మూడు బడుల సంగీతం టీచరు ఏ బడి హాజరు పట్టీలో సంతకం పెట్టాలి? జీతం బిల్లు ఏ ప్రధానోపాధ్యాయుడు పంపాలి? సోమవారం మెట్టకూరులో పొద్దున్న రెండు పీరియడ్లు చెప్పిన మనిషి మధ్యాహ్నం కనకాలపేట చేరేలోగా వాన పట్టుకుంటే, ఆ పోయిన పీరియడు ఎవరి లెక్కలో పడాలి? శ్రుతిపెట్టె ఏ బీరువాలో ఉండాలి, దాని తాళంచెవి ఎవరి దగ్గర? పాఠశాల సముదాయం అన్న మాట 1966 నుంచి నివేదికల్లో తిరుగుతూ, ఇలాంటి ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతోంది. యానాం ప్రాంతీయ విద్యాశాఖ ఈ నాలుగు ప్రశ్నలకు ఒక పేజీ ఉత్తర్వు రాసి జూన్ మొదటి వారంలో బడులకు పంపితే, ఆ నెల రెండో వారానికి మొదటి పీరియడు నడుస్తుంది. అప్పటికి తొలకరి కూడా మొదలై ఉంటుంది.